అనుమానితులలో లేని ఇల్లు

అండమాన్ దీవుల ముఖ్యపట్టణమైన శ్రీవిజయపురమునకు ఎదురుగా, పడవలో కొద్ది నిమిషముల దూరమున, ఒక చిన్న ద్వీపమున్నది. ఆ పట్టణమును 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అనెడివారు. ఆ ద్వీపమును 2018 వరకు రాస్ ద్వీపమనెడివారు. ఇప్పుడు దానికి నేతాజీ పేరు పెట్టినారు. దాని ఎత్తైన కొసన చీఫ్ కమీషనరు నివసించిన భవనపు శిథిలములు కలవు. పైకప్పు లేదు. మర్రిజాతి చెట్లు గోడలను వేళ్ళతో పెనవేసికొని, ఇటుక ఎక్కడ ముగిసినదో వేరు ఎక్కడ మొదలైనదో తెలియనీయకున్నవి. 1858 తరువాత ఎనుబది యేండ్లకు పైగా ఈ దీవులలోని బందీలనందరిని పాలించిన అధికారము ఈ గుట్టమీదనే కాపురము చేసినది. ఆ చుట్టుపట్ల నాట్యశాల, చర్చి, రొట్టెల కొట్టము, ముద్రణాలయము, ఈతకొలను ఉండెడివి. 1941 జూన్ నెలలో వచ్చిన భూకంపము ఆ కట్టడములను పగులగొట్టినది. మరుసటి యేడు మార్చిలో జపాను సైన్యము దిగినది. తరువాత ఆ వైభవమును మరల నిలువబెట్టినవారు లేరు. నేడు అక్కడ తిరుగునవి జింకలు, నెమళ్ళు, యాత్రికులు. చీకటి పడిన వెనుక చూపుటకు ధ్వనికాంతి ప్రదర్శన యొకటి ఏర్పాటైనది.

ఆ శిథిలముల మధ్య నడచు యాత్రికుడు సాధారణముగా అడుగు ప్రశ్నలు రెండు. ఇక్కడ ఎవరుండిరి? ఎట్లు బ్రదికిరి? నాట్యశాలలో దీపములెట్లు వెలిగినవో, రొట్టెలు ఏ పొయ్యిమీద కాలినవో తెలిసికొని అతడు తృప్తిపడును. ఆ పొయ్యిలోనికి కట్టెలు ఎవరు కొట్టినారని అడుగువారు తక్కువ. అడిగినను జవాబు ఒక్క మాటలో వచ్చును: ఖైదీలు. ఆ మాటతో విచారణ ముగియును. చావు నివసించిన ఇంటికి వినోదము కొరకు పోవుట తగునా అను ప్రశ్న ఇక్కడనే పుట్టుచున్నది. దీనికి తొందరపడి తగదని చెప్పుట సులభము. కాని సులభమైన జవాబు చెప్పుటకు ముందు, ఈ వినోదము తన నిండురూపమున ఎట్లుండునో చూడవలెను.

ఇంగ్లండులోని పాత ప్రభుభవనములు కొన్ని, తోటలకు, పైకప్పులకు అగు వ్యయము భరింపలేక, తలుపులు తెరచి అతిథులను పిలుచుచున్నవి. అక్కడి వేడుకలలో హత్యా రహస్యక్రీడ యొకటి. అతిథులు సాయంకాలమునకు చేరుదురు. భోజనపు బల్ల వద్ద ఒక నటుడు కూలిపోవును. దీపములు ఆరి వెలుగును. ఇంటి వైద్యుడు, వితంతువు, అప్పులపాలైన మేనల్లుడు, చాల తెలిసిన సేవకుడు, ఒక్కొక్కరు ముందుకు వచ్చి తమ తమ అబద్ధములు చెప్పుదురు. అతిథులు చేతిలో కాగితము పట్టుకొని గదిగది తిరిగి ఆధారములు వెదుకుదురు. మరునాటికి హంతకుడు బయటపడును. చచ్చినవాడు లేచివచ్చి అందరితో కలిసి ఫలహారము చేయును. మన మహానగరముల హోటళ్ళకును ఈ ఆట వచ్చినది. బర్మింగ్‌హామ్ వాసియైన ఆంథొనీ ప్రాట్ రెండవ ప్రపంచయుద్ధ కాలమున, ఊరిమీద బాంబులు పడుచున్న దినములలో, దీనినే బల్లమీది ఆటగా మలచినాడు. 1949లో అది ‘క్లూడో’ అను పేర అంగడికి వచ్చినది. అనుమానితులు 6, ఆయుధములు 6, గదులు 9. గుణించి చూచినచో 324 అవకాశములు, అందొక్కటే నిజము.

ఇందులో క్రౌర్యమున్నదని నిందించుట న్యాయము కాదు. ఆడువారు నెత్తురును కోరి రారు. వారికి కావలసినది విచారణ వలన కలుగు సుఖము. లోకములో ఎన్నడును పూర్తిగా తేలని విషయము, ఎవరు దోషి, ఎవరు నిర్దోషి అనునది, ఒక్క రాత్రిలో నిస్సందేహముగా తేలును. నిర్దోషులు చిట్టచివరకు నిర్దోషులుగనే నిలుతురు. ఆకాశమునుండి బాంబు పడుచున్న ఊరిలో, చంపినవాడెవడో చచ్చినవారికి ఎన్నటికిని తెలియని కాలములో, హంతకునికి పేరు, గది, ఆయుధము మూడును నిర్ణయముగా ఉండు ఆటను ఒకడు కల్పించుట ఆశ్చర్యము కాదు. అది న్యాయముమీద మనుష్యునకు గల ఆకలి. ఆ ఆకలిని నీచమనరాదు.

అయితే ఆటకు ఒక నియమమున్నది. దానిని ఎవరును పైకి చెప్పరు. ఇంటిలోని వారందరు అనుమానితులే. ఇల్లు మాత్రము కాదు. తొమ్మిది గదులు కథకు రంగస్థలము. ఆ గదులు ఎవరి సొమ్ముతో లేచినవి, ఆ సొమ్ము ఏ దేశపు చెరకుతోటలనుండి, ఏ పరగణాల శిస్తునుండి వచ్చినది, అను ప్రశ్నలు ఆటకు వెలుపలివి. హంతకుడు దొరకగానే ఇల్లు శుద్ధమగును. ఒక్క చెడ్డవాడు దానిలో ప్రవేశించినాడు, ఇప్పుడు తొలగింపబడినాడు, మరల పూర్వపు శాంతి నెలకొన్నది. పూర్వమున్నది శాంతియేనా అని అడుగు పాత్ర ఆ నాటకములో లేదు.

ఈ నియమము అనివార్యమైనది కాదనుటకు మన సాహిత్యమునందే సాక్ష్యమున్నది. శూద్రకుని మృచ్ఛకటికము కూడ ఒక విధముగా హత్యావిచారణ కథయే. వసంతసేనను శకారుడు గొంతు నులిమి, చచ్చినదనుకొని విడిచిపోవును. నేరమును చారుదత్తునిపై మోపును. న్యాయసభలో నగలు సాక్ష్యమగును. మరియొక స్త్రీ కళేబరము ఆమెదని భావింపబడును. మంచివాడైన న్యాయాధికారి సందేహించుచునే తీర్పు చెప్పును. పాలకరాజు మరణదండన విధించును. చూచువారికి అపరాధి ఎవరో మొదటినుండి తెలియును; దాచినది ఏమియు లేదు. అయినను కథ తేలదు. వధ్యస్థానమునకు వసంతసేన సజీవముగా వచ్చుట యొక్కటే చాలలేదు. అదే వేళకు పాలకుడు కూలి ఆర్యకుడు రాజగుట కూడ కావలసివచ్చినది. శకారుడు రాజుగారి బావమరది అను సంగతిని శూద్రకుడు ఊరక చెప్పలేదు. అతని విచారణలో ఇల్లు కూడ అనుమానితుల వరుసలో నిలిచినది.

ఇక అండమానునకు సంబంధించిన హత్యాకథలలో లోకమంతట చదువబడినది 1890లో వెలువడిన కానన్ డాయిల్ నవల ‘ది సైన్ ఆఫ్ ఫోర్’. చిత్రమేమనగా, అదియును ప్రభుభవనములోని హత్యయే. లండను శివారున పాండిచ్చేరి లాడ్జి అను పెద్ద ఇల్లు, లోపలినుండి గడియవేసిన మేడగది, కుర్చీలో శవము, దేహమున విషపు ముల్లు. ఆ ఇంటి ధనము మేజర్ షోల్టో తెచ్చినది. అతడు అండమానులో సైన్యాధికారిగా ఉండి, ఒక ఖైదీ చెప్పిన నిధిని మోసముచేసి కాజేసినాడు. అనగా ఈ కథలో ఇంటికిని నేరమునకును సంబంధము స్పష్టముగనే ఉన్నది. రచయిత తలుపు వరకు వచ్చినాడు. కాని లోపలికి పోలేదు. ముల్లు ఊదినవాడు టోంగా అను అండమాను ఆదివాసి. అతనిని నరమాంసభక్షకుడని, చూచుటకే భయంకరుడని వర్ణించి, భౌగోళిక కోశమునుండి చదివినట్లు నమ్మించినాడు. అండమానీయులు విల్లంబులవారు, గొట్టముతో విషపు ముల్లు ఊదుట వారెరుగరు. వారు నరమాంసము తినరని, ఆ దీవులలోనే అధికారిగానుండిన ఇ. హెచ్. మాన్ 1880ల తొలినాళ్ళలోనే వ్రాసియున్నాడు. నవలాంతమున థేమ్స్ నదిమీద టోంగా తుపాకి గుండ్లకు కూలి నీటిలో పడిపోవును. కాల్చినవారు కథానాయకులే. ఆ చావునకు విచారణ లేదు. పాఠకుడును అడుగడు, అతని ఊపిరి అప్పటికి పడవల పందెములో చిక్కుకొనియున్నది.

నవల వెలువడిన కాలమునకు ఆ జాతి నిజముగ ఎట్లుండినది? 1858లో వేలలోనున్న గ్రేట్ అండమానీయులలో, తరువాతి దశాబ్దములయందు మేహరోగము, 1877లో తట్టు, ఊళ్ళకు ఊళ్ళనే తుడిచివేసినవి. వారిని ‘నాగరికులను’ చేయుటకని పెట్టిన ‘అండమాన్ హోమ్’ మొదట నెలకొన్నది రాస్ ద్వీపముననే. 1901 నాటికి వారు 625 మంది. 1961 జనాభా లెక్కలలో 19 మంది. ఇందులో హంతకుడెవడు? ముల్లు లేదు, గడియవేసిన గది లేదు. ఆటకు పనికివచ్చు ఒక్క ఆధారము దొరకదు. ఇల్లు మాత్రమున్నది, దానికి ‘హోమ్’ అనియే పేరు.

ఈ దీవులలో నిజముగ జరిగిన హత్యలలో ప్రసిద్ధమైనది 1872 ఫిబ్రవరి 8వ తేదీది. వైస్రాయి లార్డ్ మేయో బందీల వసతిని పరీక్షించుటకు వచ్చినాడు. అప్పటికి నాలుగైదు మాసముల క్రితమే, 1871 సెప్టెంబరులో, కలకత్తా హైకోర్టు తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తి నార్మన్ కత్తిపోటుకు గురియైనందున కాపలా గట్టిగా ఉండినది. రాస్, వైపర్, చాథమ్ ద్వీపములు చూచుట క్షేమముగా ముగిసినది. పొద్దు ఇంకను మిగిలియుండుటచే, ఎదుటనున్న హారియట్ కొండ ఎక్కి సూర్యాస్తమయము చూడవలెనని వైస్రాయికి తోచినది. 2021లో ఆ కొండ పేరు మణిపూర్ కొండగా మారినది. రోగులకు ఆరోగ్యస్థానము కట్టుటకు ఆ స్థలము తగునేమో చూడవలెనని కూడ ఆయన ఉద్దేశము. దిగివచ్చుసరికి చీకటి పడినది. హోప్‌టౌన్ రేవుకట్టపై దివిటీల వెలుగులో నడచుచుండగా వెనుకనుండి ఒకడు దూకి రెండు పోట్లు పొడిచినాడు. ఓడలో భార్యయు అతిథులును భోజనమునకు ఎదురుచూచుచుండిరి. మేయో ఆ ఓడకు ప్రాణముతో చేరలేదు.

హంతకుడు అక్కడికక్కడే పట్టుబడినాడు. పేరు షేర్ అలీ. తీరా కొండల అఫ్రీదీ. పెషావరులో ఆంగ్లేయుల కొలువు చేసి, కమీషనరు వద్ద ఆర్డర్లీగా పనిచేసినవాడు. కులవైరములో ఒక బంధువును చంపినాడని 1867లో మరణశిక్షపడి, అది యావజ్జీవ ద్వీపాంతరముగా తగ్గి, ఇక్కడకు వచ్చినాడు. నడవడి మంచిదగుటచే హోప్‌టౌన్‌లో క్షురకవృత్తి చేసికొనుటకు అనుమతి పొందినాడు. తన దేశధర్మము ప్రకారము వైరిని చంపుట నేరము కాదని, తనను శిక్షించుటయే అన్యాయమని అతని నమ్మకము. పెద్ద దొర నొకనిని చంపవలెనని నాడే నిశ్చయించుకొన్నానని చెప్పినాడు. ఎవరి ప్రోద్బలమున చేసితివని అడిగిన, ఖుదా తప్ప వేరు భాగస్వామి లేడన్నాడు. మార్చి 11న వైపర్ ద్వీపమున ఉరితీసినారు.

కత్తి చేతిలో ఉన్నది, మనిషి పట్టుబడినాడు, తానే ఒప్పుకొన్నాడు. రహస్యమనునది లేదు. అయినను రహస్యమును కోరినవారున్నారు. వహాబీల కుట్ర ఉండవచ్చునని, కలకత్తా హత్యతో దీనికి ముడి ఉండవచ్చునని ప్రభుత్వము చాల వెదకినది, సాక్ష్యము దొరకలేదు. ఒక వ్యక్తి కాకున్న ఒక ముఠా. పేరు గల శత్రువు ఎవరో ఒకరు కావలెను. పెషావరు మనిషి ఒకడు కాలాపానీలో క్షవరము చేయుచు కోపమును నూరుకొనుచుండుటకు ఆ బందిఖానాయే కారణమై యుండునా అను దిక్కునకు ఆ వెదుకులాట పోయినట్లు కనబడదు.

మేయో జీవితచరిత్రను 1875లో వ్రాసిన విలియం విల్సన్ హంటర్ ఒక విచిత్రము చేసినాడు. హంతకుని పేరు గాని, ఊరు గాని, తెగ గాని తన గ్రంథమున కనబడవని చెప్పి, ఆ మాట నిలుపుకొన్నాడు. రహస్యకథలో పేరు చివరివరకు దాచి చివర చెప్పుదురు. ఇక్కడ అందరికి తెలిసిన పేరును చివరివరకు చెప్పలేదు. స్నేహితుని పోగొట్టుకొన్నవాని దుఃఖముగా దీనిని మన్నింపవచ్చును. హంతకునికి కీర్తి దక్కరాదను వివేకము కూడ ఇందున్నది. అయినను ఫలితమేమి? పేరు లేనివానికి చరిత్ర ఉండదు. చరిత్ర లేనివాని చేతిలోని కత్తి పిడుగువలె ఆకాశమునుండి ఊడిపడును. ఇంటికి దానితో సంబంధముండదు.

షేర్ అలీని ఇటీవలి కాలమున కొందరు స్వాతంత్ర్యవీరుల వరుసలో నిలుపుచున్నారు. ఇదియును తొందరపాటే. అతడు చెప్పిన కారణము స్వదేశవిముక్తి కాదు. తనకు జరిగినదనుకొన్న అన్యాయము. చంపబడినవాడును ఒక మనిషి, ఒకతె భర్త, చీకటిలో వెనుకనుండి పొడువబడినవాడు. హత్య హత్యయే. హంతకుల పట్టీనుండి ఒక పేరు కొట్టివేసి అమరుల పట్టీలో వ్రాసినంతమాత్రమున విచారణ ముందుకు సాగదు, ‘ఎవరు?’ అను పాత ప్రశ్నకే క్రొత్త జవాబు చెప్పినట్లగును. ఇల్లు అప్పుడును వెలుపలనే మిగిలిపోవును.

ఇంటిని లోపలికి తెచ్చిన ఏమగునో తెలియుటకు మొదటి యేటి లెక్క చాలును. 1858 మార్చిలో జేమ్స్ పాటిసన్ వాకర్ 200 మంది ఖైదీలతో ఇక్కడ దిగినాడు. వారిలో పెక్కురు 1857 తిరుగుబాటునకు సంబంధించినవారు. వాకర్ వృత్తిచే వైద్యుడు. ఆగ్రా చెరసాలకు పూర్వాధికారి. జూన్ నడుమకు వచ్చిన ఖైదీలు మొత్తము 773. ఆసుపత్రిలో చచ్చినవారు 64. అడవిలోనికి పారిపోయి మరలిరానివారు 140. ఆత్మహత్య 1. ఉరి 87. మిగిలినవారు 481. ఉరికంబమెక్కిన వారిలో 86 మంది ఒక్క దినముననే ఎక్కినారు. పారిపోయి, అడవిలో ఆకలికిని బాణములకును తాళలేక తిరిగివచ్చి పట్టుబడినవారు వారు. కలకత్తాలోని పై ప్రభుత్వము దీనిని మెచ్చలేదు. ఇకమీదట పారిపోయినందుకు ఇట్లు ఉరితీయవలదన్నది. వాకర్ మరుసటి యేడు వరకు పదవిలోనే ఉన్నాడు.

ఇక్కడ అనుమానితుడెవడు? ఎవడును లేడు. అంతయు దినవహిలో వ్రాసి, చేవ్రాలు చేసి, పైకి పంపినదే. ఏ అంతుచిక్కని కథలోను ఇంత స్పష్టమైన సాక్ష్యముండదు. మాట మాత్రము మారినది. ఒకడు ఒకనిని పొడిచిన అది హత్య. ఒకడు 86 మందిని వ్రేలాడదీసిన అది శిక్ష. తెలుగున ఈ క్రియకు పదములు చాల ఉన్నవి: హత్య, వధ, సంహారము, బలి, ఉరి. ఒక్కొక్కటియు తీర్పు చెప్పిన తరువాత పుట్టిన మాట. రాక్షసుని ‘హత్య’ చేసినారని ఎవరు నందురు? హిందుస్తానీనుండి మనకు వచ్చిన ‘ఖూనీ’ అను మాట మరియొక వింత. హిందీలో ఖూన్ అనగా నెత్తురు, హత్య రెండును; ఖూనీ అనగా హంతకుడు. తెలుగునకు వచ్చుసరికి ఖూనీ హత్య యైనది. చేసినవానికి ‘ఖూనీకోరు’ అని తోక తగిలించవలసివచ్చినది. దారిలో ఎక్కడనో మనిషి జారిపోయి చేత మిగిలినది. అనువాదములో జరిగిన ఈ చిన్న ప్రమాదము హాని చేయలేదు. కాని రాజ్యముల దినవహిలో ఇదే పని బుద్ధిపూర్వకముగ జరుగును. ‘ఉరితీయబడినారు’ అని వ్రాయుదురు. తీసినవాడు వాక్యములో ఉండడు.

తరువాత కట్టిన సెల్యులార్ జైలులోను ఇదే వ్యాకరణము. 1896 నుండి 1906 వరకు లేచిన ఆ కట్టడములో ఖైదీని ఖైదీ చూడకుండ ఒంటిగదులు ఏర్పరచినారు. 1912లో గానుగ చాకిరికి తాళలేక ఇందుభూషణ్ రాయ్ తన గదిలో ఉరిపోసికొన్నాడు. దానికి పేరు ఆత్మహత్య. తోటివారు చెప్పిన కారణము చాకిరి. అధికారులు దానిని ఒప్పుకొనలేదు. 1933 మే నెలలో నిరశనవ్రతము పట్టిన ఖైదీలకు ముక్కులో గొట్టము దూర్చి పాలు పోసినారు. పాలు ఊపిరితిత్తులలోనికి పోయి మహావీర్ సింగ్ మరణించినాడు. ఆ నెలలోనే మోహన్ కిశోర్ నమదాస్, మోహిత్ మైత్ర కూడ. దీనికి పేరు చికిత్స. హత్యయని కొందరు, ఆత్మబలియని కొందరు అనిరి. వైద్యుని కాగితములో రోగము పేరున్నది.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ వచ్చును, దానిని దాటవేయరాదు. శిక్షకును హత్యకును భేదమే లేదనుట లోకమునకు క్షేమమా? దండము లేనిచోట మాత్స్యన్యాయము ప్రవర్తిల్లునని మన పూర్వులే చెప్పినారు. హంతకుని పట్టువాడు, తీర్పరి, చెరసాల కాపరి అందరును ఖూనీకోరులే యైనచో నిజమైన ఖూనీకోరు సుఖముగా నిద్రించును. ఈ మాట నిజము. భేదమును చెరపివేసిన మిగులునది అరాచకమే. కాని భేదము ఎక్కడనుండి వచ్చినది? చెరసాల గోడ ఎత్తునుండి రాదు. తీర్పు చెప్పినవాడు కూడ ఒకనాడు సమాధానము చెప్పవలసియుండును అను నమ్మకము నుండియే వచ్చినది.

భారతములోని అణిమాండవ్యుని కథ ఈ మాటనే చెప్పుచున్నది. మౌనవ్రతములోనున్న ముని ఆశ్రమమున దొంగలు సొమ్ము దాచి నక్కిరి. రాజభటులు అందరిని పట్టి, మునిని కూడ శూలమెక్కించిరి. చావక బ్రదికిన మాండవ్యుడు తరువాత ఏమి చేసినాడు? దొంగలెవరని వెదకలేదు. రాజు తప్పు ఒప్పుకొని వేడుకొనగా అతనిని క్షమించినాడు. తిన్నగా ధర్మదేవత సభకు పోయి, నాకీ శిక్ష ఏ నేరమునకని నిలదీసినాడు. బాల్యములో తూనీగలను గడ్డిపోచతో గ్రుచ్చినావని ధర్ముడు జవాబు చెప్పినాడు. చిన్న నేరమునకు ఇంత దండనమా అని ముని శపింపగా ధర్ముడు విదురుడై పుట్టవలసివచ్చినది. పదునాలుగేండ్లలోపు బాలునికి పాపము లేదను కట్టుబాటు కూడ ఆ శాపముతోనే వచ్చినది. దండనాధికారమును మాండవ్యుడు రద్దు చేయలేదు. దానిని బోనెక్కించి, సవరించి, మరల పీఠముమీద కూర్చుండబెట్టినాడు. 86 మందికి ఆ అవకాశము లేదు. వారు శూలముమీద బ్రదుకలేదు. అడుగవలసినవారు తరువాత వచ్చువారే, అనగా, చెప్పుటకు వింతగానున్నను, ఆ యాత్రికులే.

ఇల్లు అను మాటకు ఆంగ్లేయులనే అర్థము చెప్పుకొనుట మరియొక తప్పించుకొను దారి. ఇల్లు యజమానులకన్న ఎక్కువకాలము బ్రదుకును. 1942లో జపానువారు అదే చెరసాలను, అదే ద్వీపమును వాడుకొన్నారు. 1943 డిసెంబరు చివర నేతాజీ అండమాను వచ్చి, 30వ తేదీన పతాకమెత్తినాడు. బస చేసినది రాస్ ద్వీపములోని ఈ భవనముననే. ఆ దినములలో ఎదుటి ఒడ్డున సెల్యులార్ జైలులో భారత స్వాతంత్ర్య సంఘమువారే గూఢచారులను నింద మోయుచు చిత్రహింస పడుచుండిరి. ఆ సంఘపు స్థానికనాయకుడు, పంజాబీ కవి, వైద్యుడు దివాన్ సింగ్ జనవరి 14న మరణించినాడు. జనవరి 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని కాల్చి పూడ్చినారు. అతిథికి ఏది చూపవలెనో ఏది చూపరాదో ఇంటివారు నిర్ణయింతురు. ఎంత గొప్ప అతిథికైనను అంతే. నేతాజీకి తెలిసినదా లేదా అని వాదించువారు మరల ‘ఎవరు?’ దగ్గరనే నిలిచిపోవుదురు.

తెలుగువారును ఈ విచారణకు పరాయివారు కారు. రంపా తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు వెంట నడచిన గాము మల్లుదొర మరణశిక్ష తగ్గి ఇక్కడి చెరకు వచ్చి, తరువాత 1952లో లోక్‌సభకు ఎన్నికైనాడు. స్వాతంత్ర్యము వచ్చిన వెనుక శ్రీకాకుళ, విశాఖ తీరములనుండి వచ్చిన మత్స్యకారులు జంగ్లీఘాట్‌లో స్థిరపడినారు. ఆ పేటపేరులోని ‘జంగ్లీ’ ఎవరో అడిగినచో మరల 625, 19 అను అంకెల దగ్గరకే పోవలసివచ్చును.

సెల్యులార్ జైలులో చూపు ప్రదర్శనయందు కథ చెప్పునది ఆవరణలోని రావిచెట్టు. హిందీలో దానికి గొంతునిచ్చినవాడు నటుడు ఓంపురి. ఇది మంచి యోచన. చెట్టు అపరాధపరిశోధకుడు కాదు, దానికి ఎవరినో పట్టి ఇచ్చి కథ ముగించు తొందర లేదు, చూచినది చెప్పును. కాని దీపములార్పు వేళకు అక్కడను దోషులు స్పష్టముగా వేరై, పరదేశీయులై, వెళ్ళిపోయినవారై తేలుదురు. ప్రేక్షకులందరు నిర్దోషులుగా లేచి ఇంటికి పోవుదురు. ఈ సుఖము ఆంగ్లభవనపు అతిథికి మరునాటి ఫలహారమువేళ కలుగునదే. ఆ ఆట కనీసము తాను ఆటయని ఒప్పుకొనును.

రాస్ ద్వీపమునకు పోవు పడవలు ఎక్కుచోట, రేవు ఆవరణలోనే, ఒక స్మారకస్తంభమున్నది. 1859 మేలో అబర్డీన్ వద్ద ఆంగ్లేయుల వసతిపై విల్లంబులతో దాడిచేసి చచ్చిన అండమానీయుల జ్ఞాపకార్థము నిలిపినది. ఆ దాడి వచ్చుచున్నదని ముందుగా పరుగెత్తివచ్చి చెప్పినవాడు దూధనాథ్ తివారీ: 276వ నంబరు ఖైదీ, 1858 ఏప్రిలులో పారిపోయిన సిపాయి. అతడు అండమానీయులలో ఒక యేడు బ్రదికి, వారి పిల్లనే పెండ్లాడియుండెను. చెప్పినందుకు అతనికి క్షమాభిక్ష దొరకినది. 1860లో ఇంటికి పోయినాడు. ఆ ఏప్రిలులో పారిపోయినవారి కథ చెప్పు పుస్తకములలో తరచు వినవచ్చు పేరు ఇదొక్కటే. ఉరిపడిన 86 మందికి అంకె ఉన్నది. స్తంభము క్రింద జ్ఞాపకము చేయబడిన విల్లంబులవారికి ఎందరో చెప్పు అంకె కూడ లేదు. టికెట్టు కొనుటకు వరుసలో నిలిచినవారు దాని ప్రక్కనుండియే పడవలోనికి దిగుదురు.